పుట్ట లేని చోట నీళ్ళు

మొన్న సంక్రాంతి పండక్కి మా ఇంట్లో ఒక సభ జరిగింది. అధ్యక్షులంటూ ఎవరూ లేరు గానీ వక్తలకు మాత్రం కొదవ లేదు. చర్చనీయాంశం ఒక్కటే. మా తమ్ముడు నాలుగో బోరు వెయ్యాలా, వద్దా?

నాలుగోది అనగానే మొదటి మూడింటి సంగతి ఏమయిందని మీరు అడుగుతారు. చెప్తాను. మొదటి బోరు రెండేళ్ళపాటు రెండించుల నీళ్ళు పోసి, మూడో వేసవికి నాలుగు దగ్గులు దగ్గి ఊరుకుంది. రెండోది కొత్త అల్లుడిలా నెలరోజులు మర్యాదలు చేయించుకుని వెళ్ళిపోయింది. మూడోది అసలు నీళ్ళ మాటే ఎత్తలేదు. 700 అడుగులు దిగినా పైకొచ్చింది తెల్లటి బండపిండి. ఆ సాయంత్రం బోరు బండి కుర్రాళ్ళకీ, మాకూ, పక్క చేలో శనక్కాయ చెట్లకీ అందరికీ ముఖాన పౌడరు పూసినట్టే ఉంది. నవ్వు రావలసిన దృశ్యమే గానీ మా తమ్ముడి ముఖం చూసి ఎవరూ నవ్వలేదు.

మాది గోరంట్ల. 2022 దాకా అనంతపురం జిల్లా, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ వాన తన పాత పద్ధతి మార్చుకోలేదు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు. ఆ సగటు కూడా కాగితం మీదే. ఊరి పక్కన చిత్రావతి ఉంది. పేరు ఏటిది, పని ఇసుకది. కాబట్టి మా వైపు రైతుకి ఆకాశం మీద ఎంత నమ్మకమో, పాతాళం మీదా అంతే నమ్మకం. రెండూ ఒకే రకంగా మోసం చేస్తాయి.

మూడో బోరుకి పాయింటు పెట్టినాయన మామూలు మనిషి కాదు. వేపపుల్ల రెండు చేతుల్లో పట్టుకుని చేనంతా తిరిగాడు. అరచేతిలో టెంకాయ నిలబెట్టాడు. చింతచెట్టు కింద పుట్ట దగ్గరికి రాగానే టెంకాయ లేచి నిలబడింది. "ఈడ గంగమ్మ ఉండాది సామీ" అన్నాడు. తెలుగు మాస్టరుగా పని చేసి రిటైరైన నేను నోరు మూసుకుని ఊరుకోవచ్చు గదా? ఊరుకోలేదు. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమని ఒక అధ్యాయమే రాశాడనీ, నేరేడు చెట్టు పక్కన పుట్ట ఉంటే దానికి ఫలానా దిక్కున నీళ్ళుంటాయని చెప్పాడనీ అక్కడికక్కడే పాఠం చెప్పేశాను. చింతచెట్టుకీ నేరేడు చెట్టుకీ తేడా ఉందని నాకప్పుడు తోచలేదు. ఆ 700 అడుగుల బండపిండిలో నా పాండిత్యం వాటా కూడా కొంత ఉంది.

ఇప్పుడు నాలుగో బోరుకి మా తమ్ముడు అడిగింది నా పాండిత్యం కాదు, రెండు లక్షలు. రిటైరైనప్పుడు వచ్చినదాంట్లో మిగిలింది అంతే. అది మా ఆవిడ మోకాళ్ళ ఆపరేషన్ కోసమని బ్యాంకులో పెట్టాం. అలాగని కాదనే నోరు నాకు లేదు. ఎందుకంటే మా నాయన ఇద్దరిలో ఒకణ్ణి చదివించగలనని చెప్పి, పెద్దవాణ్ణని నన్ను ట్రైనింగుకి పంపించి, వాణ్ణి చేలో నిలబెట్టాడు. నేను నెలజీతం తీసుకుంటున్నన్నాళ్ళూ వాడు మబ్బుల వంక చూస్తూ బతికాడు. ఈ లెక్క మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. వాడు ఎత్తడు, నేను మరవలేను.

సభ ఎటూ తేలకుండానే చీకటి పడింది. కరెంటు పోయింది. అందరం మిద్దె ఎక్కాం. మా అమ్మాయి బెంగుళూరులో రేడియో ఖగోళశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. పండక్కి వచ్చింది. "నువ్వు అక్కడ ఏం చేస్తావమ్మా?" అని వాళ్ళ చిన్నాయన అడిగాడు. ఇన్నేళ్ళలో వాడు ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. బోరు సంగతి మరిచిపోవడానికే అడిగాడనుకుంటాను.

"దాక్కున్న గ్యాసు కోసం వెతుకుతాం చిన్నాయనా" అంది.

తరువాత అది చెప్పింది నాకు అర్థమైనంత మేరకు మీకు చెప్తాను. తప్పులుంటే నావి.

నక్షత్రాల మధ్య ఖాళీ అంతా ఖాళీ కాదట. అక్కడక్కడా మబ్బులున్నాయి. వాటిలో ముప్పాతిక మువ్వీసం హైడ్రోజన్. ఆ మబ్బులు ముడుచుకుంటేనే కొత్త నక్షత్రాలు పుడతాయి. కాబట్టి మన పాలపుంతలో ఎంత హైడ్రోజన్ ఎక్కడుందో తెలిస్తే, రేపు ఎన్ని నక్షత్రాలు పుడతాయో లెక్క వెయ్యొచ్చు. ఒంటరి హైడ్రోజన్ పరమాణువు 21 సెంటీమీటర్ల తరంగం మీద సన్నగా కూనిరాగం తీస్తుంది. అలా తీస్తుందని హాలెండులో వాన్ డి హుల్స్ట్ అనే కుర్రవాడు 1944లో లెక్కవేసి చెప్పాడు. 1951లో హార్వర్డులో ఎవెన్, పర్సెల్ అనే ఇద్దరు దాన్ని నిజంగానే విన్నారు. అంతవరకూ బాగానే ఉంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, చలి ముదిరి మబ్బు చిక్కబడినప్పుడు దుమ్మురేణువుల మీద రెండేసి హైడ్రోజన్ పరమాణువులు జతకట్టి అణువులవుతాయి. జతకట్టాక ఆ కూనిరాగం ఆగిపోతుంది. రెండూ అచ్చంగా ఒకేలా ఉండటం వల్ల ఆ జంటకి రేడియోలో వినిపించే గొంతు లేదు. దాన్ని కదిలించి ఏదైనా పలికించాలంటే వందల డిగ్రీల వేడి తగలాలి. మబ్బులో చూస్తే మైనస్ 260 డిగ్రీల ప్రాంతంలో చలి.

"అంటే పెళ్ళికి ముందు పాడేది, పెళ్ళయ్యాక నోరు మెదపదన్నమాట" అన్నాను నేను. చీకట్లో మా ఆవిడ ముఖం కనబడలేదు గానీ, గాజులు మాత్రం చప్పుడయ్యాయి. ఆ విషయం అక్కడితో వదిలేశాను.

"మరి నోరు మెదపనిదాన్ని ఎట్లా పడతారు?" అన్నాడు మా తమ్ముడు.

"పుట్టని చూసి" అంది మా అమ్మాయి.

అందరం ఉలిక్కిపడ్డాం. అది తాపీగా చెప్పింది. హైడ్రోజన్ అణువులున్న చోట వాటితోబాటు ఇంకో అణువు కొద్దిగా ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్. పదివేల హైడ్రోజన్ అణువులకి ఒకటి, అంతే. కానీ అది వాగుడుకాయ. ఆ చలిలో కూడా 2.6 మిల్లీమీటర్ల తరంగం మీద గట్టిగా మాట్లాడుతుంది. ఆర్ద్ర నక్షత్రం పక్కన వరసగా మూడు చుక్కలు చూపించి, వాటి కింద మసకగా వెలిగే నెబ్యులాలో 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ అనే ముగ్గురు అమెరికాలో ఆ మాట మొదటిసారి పట్టుకున్నారని చెప్పింది. అప్పట్నించి కార్బన్ మోనాక్సైడ్ ఎంత వినిపిస్తే దాన్నిబట్టి హైడ్రోజన్ ఇంత అని లెక్క వేసుకుంటున్నారు. పుట్ట ఉంది కాబట్టి నీళ్ళున్నాయి అన్నట్టే.

"అయితే పుట్ట లేని చోట?" అన్నాడు మా తమ్ముడు. గొంతులో కొత్త హుషారు వినిపించింది. ఆ హుషారు దేనికో నాకు వెంటనే తట్టలేదు.

"అక్కడే ఉంది అసలు కథ" అని అది మొదలుపెట్టింది. మబ్బు అంచుల్లో నక్షత్రాల నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి కార్బన్ మోనాక్సైడ్‌ని చితక్కొట్టేస్తుంది. హైడ్రోజన్ అణువులు బలగం ఎక్కువ గనక ఒకదానికొకటి గొడుగు పట్టుకుని బతుకుతాయి. అంటే అంచుల్లో హైడ్రోజన్ ఉంటుంది, జాడ చెప్పేది మాత్రం ఉండదు. 2005లో ఇజబెల్ గ్రెనియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఆవిడతో పనిచేసే మరి ఇద్దరు దీన్ని బయటపెట్టారు. వాళ్ళు వాడింది గామా కిరణాలు. అంతరిక్షంలో పరిగెత్తే కాస్మిక్ కిరణాలు ఏ గ్యాసుని ఢీకొన్నా గామా కిరణాలు పుడతాయి. అది ఒంటరిదా, జంటదా, మాట్లాడేదా, మూగదా అని వాటికి పట్టింపు లేదు. వచ్చిన గామా కిరణాలనుబట్టి మొత్తం గ్యాసు ఎంతో లెక్కగట్టారు. అందులోంచి 21 సెంటీమీటర్ల మీద వినిపించినదాన్ని తీసేశారు. కార్బన్ మోనాక్సైడ్ చెప్పినదాన్నీ తీసేశారు. ఇంకా మిగిలింది! మన సూర్యుడి చుట్టుపక్కల మబ్బుల చుట్టూ ఎవరికీ కనబడని గ్యాసు దండిగా ఉందని తేలింది. తరువాత హెర్షెల్ అనే అంతరిక్ష దూరదర్శిని అంచుల్లో ఒంటరిగా మిగిలిన కార్బన్ మెరుపుని చూసి, పాలపుంతలోని అణు హైడ్రోజన్‌లో దాదాపు 30 శాతం ఇలా దాక్కున్నదేనని లెక్క తేల్చింది.

ఇదంతా ఎక్కడో అమెరికాలో, అంతరిక్షంలో జరిగిన సంగతని మేము అనుకునేలోపల అది హిందూపురం వైపు చెయ్యి చూపించింది. "ఇందులో గౌరిబిదనూరుకీ వాటా ఉంది నాయనా" అంది.

గౌరిబిదనూరు అంటే నాకు తెలియకపోవడమేమిటి! హిందూపురంలో రైలెక్కి సరిహద్దు దాటితే వచ్చే ఊరు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, 1980లలో, సైన్సు మాస్టారికి జ్వరం వస్తే ఆయన బదులు పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడి రేడియో అబ్జర్వేటరీ చూపించడానికి వెళ్ళింది నేనే. బెంగుళూరులోని రామన్ పరిశోధనా సంస్థ, భారత ఖగోళ భౌతిక సంస్థ కలిసి పెట్టుకున్నది. 1976 నుంచి పని చేస్తోంది. సి.హెచ్.వి. శాస్త్రి గారు ఆ పనికి పెద్దదిక్కు. గుండ్రటి పెద్ద దూరదర్శిని ఏదో కనిపిస్తుందనుకుని వెళితే, మైదానంలో వరసలు వరసలుగా ఏరియళ్ళు. మొత్తం 1000. ఇంగ్లీషు టి అక్షరం ఆకారంలో, తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు, దక్షిణానికి దాదాపు అర కిలోమీటరు. ఒక పిల్లవాడు నా చొక్కా పట్టుకుని, "ఇన్ని ఏరియళ్ళున్నాయి గదా సార్, టీవీ యాడుంది?" అని అడిగాడు. నాకూ అదే సందేహం. తెలుగు మాస్టర్ని గనక గంభీరంగా, "లోపల" అన్నాను.

ఆ ఏరియళ్ళు 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని వినేవి. వాటితో తయారుచేసిన ఆకాశపటాన్ని 1990లో ద్వారకానాథ్, ఉదయశంకర్ ప్రకటించారు. మా అమ్మాయి చెప్పింది ఇంకో సంగతి. మబ్బు అంచుల్లో ఎలక్ట్రాన్ ఊడిపోయిన కార్బన్ ఉంటుంది గదా, అది అప్పుడప్పుడు దారినపోయే ఎలక్ట్రాన్‌ని పట్టుకుంటుంది. అలా పట్టుకున్నది దగ్గరికి రాకుండా ఎక్కడో 575వ మెట్టు మీద తిరుగుతూ ఉంటుంది. అప్పుడా పరమాణువు ఎంత ఉబ్బుతుందంటే, మన తలవెంట్రుక మందంలో సగానికి సగం అంత! మామూలు హైడ్రోజన్ పరమాణువు కంటే 3 లక్షల రెట్లు పైన. ఇలాంటి బొద్దు పరమాణువుల జాడ మొదట 1980లో సోవియట్ యూనియన్‌లో, ఖార్కోవ్ దగ్గర కొనొవాలెంకో, సోడిన్ పట్టుకున్నారు. అది నైట్రోజన్ జాడ అనుకున్నారు. కాదు, కార్బన్ అని అమెరికాలో ఇంకొకరు సరిదిద్దారు.

"అంటే పెద్ద పెద్దోళ్ళు కూడా ఒకటి చూసి ఇంకోటి అనుకుంటారన్న మాట" అన్నాడు మా తమ్ముడు.

"అనుకుంటారు చిన్నాయనా. సరిదిద్దుకుంటారు కూడా" అంది అది. ఉత్తరపు దిక్కున పైకి చూపించి, డబ్ల్యూ ఆకారంలో ఉన్న చుక్కల్ని గుర్తుపట్టమంది. మన పుస్తకాల్లో శర్మిష్ఠ అంటారు. అక్కడ ఎప్పుడో పేలిపోయిన ఒక నక్షత్రం అవశేషం రేడియోలో భగభగ వెలుగుతూ ఉంటుంది. దానికీ మనకీ మధ్య ఉన్న మబ్బుల్లోని కార్బన్ ఆ వెలుగులో గీత గీసినట్టు కొంచెం మింగేస్తుంది. ఆ గీతని గౌరిబిదనూరు ఏరియళ్ళతో విని, కాంతారియా, అనంతరామయ్య, పేన్ అనే ముగ్గురు 1998లో రాశారు. అది నేరుగా దాగిన హైడ్రోజన్‌ని పట్టుకోవడం కాదనీ, అది దాక్కునే చల్లటి మబ్బుల గుమ్మం దాకా వెళ్ళి తలుపు తట్టడమనీ అది సరిచేసి చెప్పింది.

నేను పొంగిపోయాను. నేను పిల్లలకి "లోపల" అని అబద్ధం చెప్పిన చోట ఇంత నిజం ఉందా అని. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"చూడన్నా, నీ కూతురే చెప్పింది. పుట్ట లేకపోయినా నీళ్ళుంటాయి. కనపడనంత మాత్రాన లేవని కాదు గదా. మన చేలో కూడా యాడో దాక్కోని ఉండాయి. నాలుగోది వేద్దాం."

మిద్దె మీద ఒక్కసారి నిశ్శబ్దం. గాజుల చప్పుడు కూడా లేదు. మూడో బోరుకి నా పాండిత్యం వంత పాడింది, నాలుగోదానికి నా కూతురి పాండిత్యం వంత పాడేట్టుందే అనుకున్నాను. వాడి మాటకి జవాబు చెప్పాల్సింది నేను. కాదంటే, నాయన నాటి నుంచి మా మధ్య ఉన్న లెక్క ఆ రాత్రే పైకొస్తుంది. సరేనంటే మా ఆవిడ మెట్లు పట్టుకుని ఎక్కడం ఇంకో ఏడాది చూడాలి.

నన్ను ఆదుకున్నది మా అమ్మాయే. మెల్లగా అంది: "చిన్నాయనా, వాళ్ళు కనపడలేదు కాబట్టి ఉంది అనలేదు. మొత్తం తూచారు, తెలిసినవన్నీ తీసేశారు, అప్పటికీ మిగిలింది కాబట్టి ఉంది అన్నారు. ఒక్క సాక్షిని నమ్మకుండా, దుమ్ముని అడిగారు, కార్బన్‌ని అడిగారు. మన చేనుని ఇంతవరకూ ఎవరన్నా తూచినారా? టెంకాయ తప్ప సాక్షి ఎవరు?"

వాడు మాట్లాడలేదు. చాలాసేపటికి, "అయితే తూచేవాళ్ళని పిలువు" అన్నాడు.

పండగ వెళ్ళిన వారానికి ఒకాయన పెట్టెతో వచ్చాడు. చేలో నాలుగు ఇనుప కడ్డీలు పాతి, వాటికి వైర్లు తగిలించి, భూమిలోకి కరెంటు పంపించాడు. గట్టి బండ కరెంటుని పోనివ్వదట. పగుళ్ళుబారి తడి ఉన్న రాయి పోనిస్తుంది. ఎంత అడ్డుపడిందో కొలిస్తే కింద ఏముందో ఊహించవచ్చు. కడ్డీలు దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు తెలుస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా జరుపుతూనే ఉన్నాడు. మా తమ్ముడు ఆ కడ్డీల వెంట నీడలా తిరిగాడు. చింతచెట్టు కింద పుట్ట దగ్గర ఏమీ లేదు, బండే. కొత్తగా తను మనసులో పెట్టుకున్న చోటా బండే. కిందిగట్టు పక్కన మాత్రం కాస్త ఆశ ఉంది. "ఉండొచ్చు. ఉన్నా ఎక్కువ ఉండవు. ఎన్నాళ్ళుంటాయో మాట ఇవ్వలేను" అన్నాడాయన. టెంకాయ ఎప్పుడూ అలా మాట్లాడలేదు. టెంకాయ ఎప్పుడూ ఉందనే అంది.

ఆ రాత్రి నేను బ్యాంకు పుస్తకం తీసి మంచం మీద పెట్టుకుని కూర్చున్నాను. వాడు అడిగితే ఇచ్చేద్దామనే అనుకున్నాను. మా ఆవిడ కూడా, "ఇచ్చెయ్యండి, నా మోకాళ్ళు యాడికీ పోవు" అంది. వాడు వచ్చాడు. పుస్తకం వంక చూశాడు. "అది లోపల పెట్టన్నా. ముందు వదినె కాళ్ళు చూపించు. చెప్పేవాడే ఉండొచ్చు అంటే నేను ఉంటాయని పట్టుబట్టేదేముంది?" అన్నాడు. గుమ్మం దాటుతూ ఆగి, "నాయన నిన్ను చదివించింది మంచిదే అయింది. నీ కూతురు నన్ను ఆపింది" అన్నాడు. అన్నేళ్ళ లెక్క వాడు ఆ ఒక్క మాటతో కొట్టేశాడు. నేను ఏమీ అనలేకపోయాను. తెలుగు మాస్టర్ని, నాకే మాట దొరకలేదు.

ఆపరేషన్ అయింది. మా ఆవిడ మెట్లు ఎక్కుతోంది. మా తమ్ముడు కిందిగట్టు దగ్గర పంటకుంట తవ్వించాడు. వాన పడితే నీళ్ళు నిలిచి, మెల్లగా లోపలికి దిగి, పాత బోరుకైనా అందుతాయేమోనని. కుంట ఇంకా ఎండగానే ఉంది.

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు కొత్త సంగతి చెప్పింది. 2025లో, మనకి 300 కాంతి సంవత్సరాల దూరంలోనే, ఎవరూ చూడని ఒక పెద్ద మబ్బుని కనిపెట్టినట్టు ప్రకటించారట. దాని బరువు 3400 సూర్యుళ్ళంత. అదే గనక కళ్ళకి కనిపించేదయితే ఆకాశంలో 40 నిండు చందమామల వెడల్పున పరుచుకుని ఉండేది. కార్బన్ మోనాక్సైడ్ తక్కువ గనక ఇన్నాళ్ళూ ఎవరికీ చిక్కలేదు. హైడ్రోజన్ అణువులే అతినీలలోహిత కాంతిలో సన్నగా మెరిస్తే, ఒక కొరియా ఉపగ్రహం ఎప్పుడో సేకరించిన సమాచారంలో అది బయటపడింది. ఈఓస్ అని పేరు పెట్టారు. గ్రీకువాళ్ళ ఉషాదేవి. మూగదనుకున్న జంట చివరికి తనంతట తనే మాట్లాడిందన్న మాట.

నేను ఫోన్ మా తమ్ముడికిచ్చాను. వాడు అంతా విని, "అది కనపడకముందు కూడా ఆడనే ఉండింది గదమ్మా?" అని అడిగాడు.

"ఆడనే ఉండింది చిన్నాయనా."

వాడు ఫోన్ నా చేతికిచ్చి మిద్దె అంచుకి వెళ్ళి నిలబడ్డాడు. చాలాసేపు తల ఎత్తి చూస్తూ ఉన్నాడు. ఏ మబ్బు కోసం చూస్తున్నావురా అని నేను అడగలేదు.